ఆరోగ్యకరమైన నగరం కోసం పరిశోధన: ఆ వృత్తిలో ఏముంటుంది
(ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. నగర ప్రణాళికలో పరిశోధన చేయాలనుకునే విద్యార్థులకు, ముఖ్యంగా ఆరోగ్యకరమైన నగరాల రూపకల్పన మీద ఆసక్తి ఉన్నవారికి, ఈ వృత్తిని పరిచయం చేయమని నిర్వాహకులు అడిగారు. నా జీవిత విశేషాలు ఏకరువు పెట్టడం కంటే ఈ రంగంలో పని ఎలా జరుగుతుందో, అందులో చిక్కులు ఎక్కడ ఎదురవుతాయో చెబితేనే మీకు ఎక్కువ ఉపయోగమని అనుకుంటున్నాను.

ముందుగా ఒక అపోహను పక్కన పెడదాం. నగరం మనిషి ఆరోగ్యం మీద ప్రభావం చూపుతుందని నిరూపించడం ఈ వృత్తి లక్ష్యమని చాలామంది భావిస్తారు. ఆ సంగతి ఎప్పుడో తేలిపోయింది. ఫలానా వీధిని ఫలానా విధంగా మారిస్తే ఎవరి ఆరోగ్యం ఎంత మెరుగుపడుతుందో, ఆ మెరుగుదల నిజంగా ఆ మార్పు వల్లనే వచ్చిందని ఎలా నమ్మవచ్చో చెప్పగలగడమే అసలు పని. అలా తేలిన విషయాన్ని మీటర్లలోనో సెకన్లలోనో నిబంధనల పుస్తకంలోకి ఎక్కించగలిగితేనే ఆ పని పూర్తయినట్టు. ఈ రెండు కొసల మధ్యే ఒక పరిశోధకుడి ఉద్యోగ జీవితమంతా గడిచిపోతుంది.

ప్రజారోగ్యం, నగర ప్రణాళిక ఒకే కడుపున పుట్టాయి. కార్మికవాడల మురికికీ, అక్కడి మరణాలకూ ఉన్న సంబంధాన్ని వివరిస్తూ ఎడ్విన్ చాడ్విక్ బ్రిటన్‌లో నివేదిక వెలువరించింది 1842లో. ప్రజారోగ్య చట్టం వచ్చింది 1848లో. ఆ తరువాత 1854 నాటి లండన్ కలరా, జాన్ స్నో అనే వైద్యుడు, బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు, కలరా ఆ పంపు నీటి నుంచే వస్తోందని చూపడానికి చనిపోయినవారి ఇళ్లను గుర్తించిన పటం: ఈ కథ మీరు మొదటి సంవత్సరం పాఠాల్లోనే విని ఉంటారు. నా దృష్టిలో ఆ పటానికి దక్కిన కీర్తి కాస్త ఎక్కువే. స్నో చేసిన పనుల్లో మన వృత్తికి నిజమైన పునాది వేసినది మరొకటి ఉంది.

దక్షిణ లండన్‌లో అప్పట్లో రెండు కంపెనీలు థేమ్స్ నది నీటినే సరఫరా చేసేవి. వాటిలో లాంబెత్ కంపెనీ 1852లో తన నీటి సేకరణ కేంద్రాన్ని నగరపు మురుగు చేరని ఎగువ ప్రాంతానికి మార్చుకుంది. సదర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మాత్రం పాత చోటు నుంచే తోడుతూ వచ్చింది. చాలా వీధుల్లో ఈ రెండు కంపెనీల గొట్టాలూ పక్కపక్కనే ఉండేవి. ఒక ఇంటికి ఒక కంపెనీ నీరు వస్తే, పక్కింటికి మరో కంపెనీ నీరు వచ్చేది. ఇరుగుపొరుగు ఇళ్లలో ఉన్నవారి ఆదాయంలో గానీ, వృత్తిలో గానీ, పీల్చే గాలిలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. స్నో ఇంటింటికీ తిరిగి ఏ కంపెనీ నీరో కనుక్కున్నాడు. ఇంట్లోవారికి ఆ సంగతి తెలియని చోట నీటి నమూనా తీసుకుని, సిల్వర్ నైట్రేట్ కలిపి అందులోని ఉప్పు మోతాదును బట్టి కంపెనీని గుర్తించాడు. అంటువ్యాధి తొలి ఏడు వారాల్లో ప్రతి 10,000 ఇళ్లకు లెక్క కడితే, పాత చోటు నుంచి తోడిన నీరు అందిన ఇళ్లలో 315 మరణాలు, ఎగువ నీరు అందిన ఇళ్లలో 37 మరణాలు తేలాయి.

ఎవరూ ప్రయోగం కోసమని ఏర్పాటు చేయకపోయినా ప్రయోగంలా పనికొచ్చే ఇలాంటి పరిస్థితినే ఇవాళ సహజ ప్రయోగం అంటున్నాం. మందును పరీక్షించే వైద్యుడు కొందరికి మందు ఇచ్చి, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇవ్వగలడు. సగం జనాన్ని పార్కు పక్కన, మిగతా సగాన్ని హైవే పక్కన కాపురం పెట్టమని మనం చెప్పలేం. అందుకే నగరం తనంతట తాను మారే సందర్భాల కోసం కనిపెట్టుకుని ఉండాలి. వేల్స్ 2023 సెప్టెంబరులో జనావాసాల రోడ్ల మీద సాధారణ వేగ పరిమితిని గంటకు 30 మైళ్ల నుంచి 20 మైళ్లకు తగ్గించింది. అలాంటి నిర్ణయం ఎక్కడ వెలువడినా మనలాంటివారికి రాజకీయ వార్తగా కంటే ముందు పరిశోధనావకాశంగానే కనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ప్రజారోగ్యం, నగర ప్రణాళిక విడిపోయాయి. అంటువ్యాధులు అదుపులోకి వచ్చాక వైద్యులు ఆసుపత్రుల వైపు, ప్లానర్లు ఏ ప్రాంతంలో ఏం కట్టవచ్చో నిర్ణయించే జోనింగ్ వైపు, ట్రాఫిక్ లెక్కల వైపు వెళ్లిపోయారు. మళ్లీ కలిసింది 1980లలో. 1984లో టొరంటోలో జరిగిన ఒక సదస్సులో ఆరోగ్య నగరం అన్న ఆలోచన రూపుదిద్దుకుంది. ప్రజారోగ్య నిపుణులు ట్రెవర్ హాన్‌కాక్, లెనార్డ్ డ్యూల్ దాన్ని ముందుకు తీసుకెళ్లారు. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం ఆరోగ్య నగరాల కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబరులో వెలువడిన ఒట్టావా ప్రకటన, ఆరోగ్యం ఆసుపత్రిలో కాదు, మనుషులు బతికే చోట, పనిచేసే చోట, ఆడుకునే చోట తయారవుతుందన్న దృక్పథానికి అధికారిక రూపం ఇచ్చింది. సిద్ధాంతం అలా కుదిరింది గానీ, దాన్ని నిలబెట్టే ఆధారాలను పోగుచేయడం మాత్రం తరువాతి తరాల పరిశోధకులకే మిగిలింది.

ఆధారాల దగ్గరికి వచ్చేసరికి మనకు ఎదురయ్యే అతి పెద్ద చిక్కు, ఎవరు ఎక్కడ ఉండాలన్నది మనుషులే ఎంచుకుంటారన్నది. దీన్ని అర్థం చేసుకోవడానికి నగర ప్రణాళికతో నేరుగా సంబంధం లేని ఒక పాత అధ్యయనం బాగా ఉపయోగపడుతుంది. వైద్య పరిశోధకుడు జెరెమీ మోరిస్, ఆయన సహచరులు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి, రోజంతా కూర్చుని ఉండే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండె జబ్బులు తక్కువగా ఉన్నాయని 1953లో ప్రకటించారు. శారీరక శ్రమ గుండెను కాపాడుతుందన్న ఆధునిక అవగాహనకు అదొక మైలురాయి. అయితే మోరిస్ బృందం అక్కడితో ఆగలేదు. డ్రైవర్లుగా చేరినవారు మొదటి నుంచే వేరే రకం మనుషులేమో అన్న సందేహంతో యూనిఫాం కొలతల రికార్డులు తిరగేశారు. చిన్న వయసు డ్రైవర్ల ప్యాంటు నడుము కొలత కూడా అదే వయసు కండక్టర్ల కంటే ఎక్కువగానే ఉంది. అంటే తేడాలో కొంత భాగం ఉద్యోగం వల్ల వచ్చినది కాదు, ఉద్యోగంలోకి మనుషులు తమతో తెచ్చుకున్నది. తమ ఫలితాన్ని బలహీనపరచగల ఆధారాన్ని తామే వెతికి 1956లో ప్రచురించడం చూస్తే, ఈ వృత్తికి కావలసిన స్వభావం ఏమిటో మీకు అర్థమవుతుంది.

నివాస ప్రాంతాల విషయంలోనూ ఇదే చిక్కు. దుకాణాలు, బస్టాపులు, నీడ ఉన్న కాలిబాటలు అందుబాటులో ఉన్న ప్రాంతాల జనం ఎక్కువ నడుస్తారని ఒక సర్వేలో తేలిందనుకుందాం. ఆ ప్రాంతం వారిని నడిపిస్తోందా, లేక నడక ఇష్టమున్నవారే ఏరికోరి అక్కడికి చేరారా? ఒకే రోజున తీసిన సర్వే ఎంత పెద్దదైనా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. అవే మనుషులను కొన్నేళ్లపాటు వెంబడించాలి. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బిల్లీ గైల్స్-కోర్టీ నాయకత్వంలో 2003లో మొదలైన రిసైడ్ అధ్యయనం ఆ పనే చేసింది. 70కి పైగా కొత్త లేఅవుట్లలో ఇళ్లు కట్టుకుంటున్నవారిని, గృహప్రవేశానికి ముందు ఒకసారి, కొత్త ఇంట్లో స్థిరపడ్డాక మళ్లీ మళ్లీ ప్రశ్నించారు. నడకకు అనువైన ప్రాంతం కావాలని వారు ముందే కోరుకున్నారా అన్నదీ లెక్కలోకి తీసుకున్నారు. అవసరార్థం నడిచి వెళ్లగలిగే చోట్లు, అంటే దుకాణం, పోస్టాఫీసు, బస్టాపు వంటివి, కొత్త ప్రాంతంలో ఒక్కో రకం పెరిగిన కొద్దీ వారానికి దాదాపు 6 నిమిషాల నడక పెరిగింది. పార్కు వంటి విహార స్థలం ఒక్కో రకం పెరిగితే వారానికి సుమారు 17 నిమిషాలకు పైగా విహార నడక పెరిగింది. ఆరు నిమిషాలేనా అని పెదవి విరవకండి. ఒక మనిషికి అది స్వల్పమే. కానీ ఒక లేఅవుట్‌లోని వేల మందికి, ఆ ఇళ్లు నిలిచి ఉన్నంత కాలం, ఎవరూ ప్రబోధించకుండానే అది జరిగిపోతూ ఉంటుంది.

సహజ ప్రయోగం కోసం ఎదురుచూడడమే కాకుండా, అరుదుగా నిజమైన ప్రయోగమే చేయగలిగిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో చెత్త పేరుకుపోయిన 541 ఖాళీ స్థలాలను లాటరీ పద్ధతిలో మూడు భాగాలుగా విభజించారు. కొన్నింటిని శుభ్రం చేసి, చదును చేసి, గడ్డి పరిచి, కొన్ని చెట్లు నాటి, మనిషి లోపలికి వెళ్లడానికి వీలుండే పొట్టి చెక్క కంచె వేశారు. కొన్నింటిలో చెత్త మాత్రం తొలగించారు. మిగిలిన వాటిని ఉన్నవి ఉన్నట్టే వదిలేశారు. చుట్టుపక్కల నివాసులను ముందూ తరువాతా ప్రశ్నించి 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఏ మార్పూ చేయని స్థలాల పక్కనున్నవారితో పోలిస్తే, పచ్చదనం వచ్చిన స్థలాల దగ్గర నివసించేవారిలో దిగులుగా ఉంటోందని చెప్పడం 41.5 శాతం తగ్గింది. చెత్త మాత్రమే తీసిన చోట చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. మునిసిపల్ అధికారికి పనికొచ్చేది ఈ రెండో వాక్యమే. శుభ్రం చేయిస్తే చాలదా అని ఆయన తప్పకుండా అడుగుతాడు. చెత్త మాత్రమే తీసిన స్థలాలను విడిగా పెట్టుకున్నారు కాబట్టే ఆ ప్రశ్నకు జవాబు ఉంది.

ఇప్పుడు తల తిప్పి మరో వైపు చూడాలి. 1996 ఒలింపిక్స్ సమయంలో అట్లాంటా నగరం ట్రాఫిక్ తగ్గించడానికి భారీ ఏర్పాట్లు చేసింది. అదనపు బస్సులు నడిపింది, నగర కేంద్రంలోకి సొంత కార్లను రానివ్వలేదు. ఆ 17 రోజుల్లో ఉదయపు రద్దీ 22.5 శాతం తగ్గిందని, గాలిని కలుషితం చేసే ఓజోన్ అత్యధిక స్థాయి 27.9 శాతం తగ్గిందని, ప్రభుత్వ ఆరోగ్య బీమా రికార్డుల్లో పిల్లల ఉబ్బసం అత్యవసర కేసులు 41.6 శాతం తగ్గాయని 2001లో ఒక పత్రం వచ్చింది. నగర ప్రణాళిక తరగతుల్లో దీన్ని ఉదహరించని ఉపాధ్యాయులు తక్కువ. తరువాత 2010లో మరో బృందం అదే విషయాన్ని తిరగదోడింది. ఆ రోజుల్లో ఒలింపిక్స్‌తో సంబంధం లేని పరిసర రాష్ట్రాల నగరాల్లోనూ ఓజోన్ అలాగే తగ్గిందని, వాతావరణం అందుకు కారణమయ్యే అవకాశం ఉందని చూపింది. అటూ ఇటూ సంవత్సరాల్లో అదే రుతువుతో పోల్చి చూస్తే, ఉబ్బసంతో అత్యవసర విభాగాలకు వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తగ్గుదల కూడా కనిపించలేదు. దీన్ని బట్టి ట్రాఫిక్ తగ్గినా లాభం లేదని అనుకోకూడదు. ఆ ఉదాహరణ ఆ బరువు మోయలేదు, అంతే. మనకు నచ్చిన ఫలితాన్ని మనం ఎక్కువ అనుమానించాలి. నచ్చని ఫలితాన్ని అనుమానించడానికి అవతలి పక్షం వారు ఎలాగూ సిద్ధంగా ఉంటారు.

ఇక రోజువారీ పని సంగతి. ఉదాహరణకు దూరాన్నే తీసుకోండి. ఇంటి చుట్టూ 400 మీటర్ల వృత్తం గీసి, అందులో పార్కు ఉందో లేదో జీఐఎస్‌లో, అంటే కంప్యూటర్ పటాల మీద స్థల సమాచారాన్ని విశ్లేషించే సాఫ్ట్‌వేర్‌లో, చూడడం అయిదు నిమిషాల పని. కానీ మనిషి గోడల మీదుగా ఎగిరి వెళ్లడు. రోడ్ల వెంబడి కొలిస్తే, మధ్యలో ఒక కాంపౌండు గోడో రైలు పట్టాలో అడ్డుంటే, వృత్తంలో 300 మీటర్ల దూరంలో కనిపించిన పార్కు నడకలో కిలోమీటరు దాటిపోతుంది. ఆ పార్కు గేటు ఏ వైపు ఉందో శాటిలైట్ చిత్రంలో కనిపించదు కాబట్టి, ఎవరో ఒకరు వెళ్లి చూడవలసిందే. కాలిబాట వెడల్పు కాగితం మీద రెండు మీటర్లు ఉన్నా, ట్రాన్స్‌ఫార్మరు, స్తంభం, నిలిపి ఉంచిన బైకులు పోగా మనిషి నడవడానికి ఎంత మిగిలిందో టేపు పెట్టి కొలవాలి. మధ్యాహ్నం నీడ ఏ పక్కన పడుతుందో రాసుకోవాలి. నడుముకు కట్టే కదలికల మీటరు ఇచ్చి వారం తరువాత తీసుకుంటే, స్నానానికి తీసి మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయిన గంటలన్నీ కదలకుండా కూర్చున్నట్టే నమోదై ఉంటాయి; ఆ గంటలను వడగట్టే పద్ధతి ముందే నిర్ణయించుకోవాలి. పరిశోధన పత్రంలో ఇదంతా రెండు వాక్యాలకు మించదు.

పరిశోధన నిబంధనగా మారడమంటే ఏమిటో చూపడానికి రోడ్డు దాటే సిగ్నల్ కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు. పాదచారి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్న అంచనా మీద ఎంతో కాలంగా సిగ్నళ్ల సమయాన్ని లెక్కగడుతూ వచ్చారు. ఇంగ్లండ్‌లో 65 ఏళ్లు దాటినవారిని కొలిచి చూసిన అధ్యయనంలో సగటు వేగం పురుషుల్లో 0.9 మీటర్లు, స్త్రీలలో 0.8 మీటర్లు మాత్రమేనని 2012లో తేలింది. 14 మీటర్ల వెడల్పున్న రోడ్డును తీసుకోండి. పాత లెక్క ప్రకారం 12 సెకన్లలోపే దాటవచ్చు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే స్త్రీకి పదిహేడున్నర సెకన్లు పడుతుంది. సిగ్నల్ మారేసరికి ఆమె ఇంకా నాలుగున్నర మీటర్ల దూరంలో, అంటే ఒక లేన్ కంటే ఎక్కువ దూరంలో, వాహనాల ముందు ఉంటుంది. అలాంటి అనుభవం ఒకటి రెండుసార్లు ఎదురైతే ఆమె ఆ రోడ్డు దాటడం మానుకుంటుంది. ప్రమాదాల లెక్కల్లో అక్కడ ప్రమాదమే లేదు కాబట్టి అది సురక్షితమైన కూడలిగా నమోదవుతుంది. ఆ కూడలికి అవతల ఉన్న వైద్యుడి దగ్గరికి, స్నేహితుల ఇళ్లకు ఆమె వెళ్లడం తగ్గిపోయిన సంగతి ఏ రికార్డులోనూ ఉండదు.

దీన్ని సరిచేయమని అడిగితే ట్రాఫిక్ ఇంజనీరు సహజంగానే ఆ సమయాన్ని ఎక్కడి నుంచి తెమ్మంటారని అడుగుతాడు. రెండు నిమిషాల సిగ్నల్ చక్రంలో ఆరు సెకన్లు పెంచితే, గంటకు ముప్ఫై చక్రాలు కాబట్టి, వాహనాల నుంచి గంటకు మూడు నిమిషాలు తీసుకున్నట్టు. అది చిన్న విషయం కాదని ఆయన అంటాడు. రద్దీ వేళల్లో ఆ మాట నిజమే. అయితే రోడ్డు మధ్యలో ఆగడానికి వీలుగా ఎత్తయిన దిమ్మె కడితే, ఒక్కో విడతకు దాటవలసింది ఏడు మీటర్లే అవుతుంది. తొమ్మిది సెకన్లు చాలు. ఇలా ప్రత్యామ్నాయాలు లెక్కతో సహా బల్ల మీద పెట్టగలిగిన పరిశోధకుడి మాటకే విలువ ఉంటుంది. వృద్ధులకు అనుకూలమైన నగరం కావాలని ఉపన్యసించి వచ్చేస్తే, ఆ నివేదిక అలమారాలోకి వెళ్లిపోతుంది. అమెరికా జాతీయ నిబంధనావళి 2009లో ఈ అంచనాను సెకనుకు 4 అడుగుల నుంచి 3.5 అడుగులకు తగ్గించింది. పుస్తకంలో మారింది ఒక్క అంకె. అయితే దాన్ని అనుసరించి సమయం పెట్టే ప్రతి సిగ్నల్ దగ్గరా దాని ప్రభావం ఉంటుంది.

ఈ వృత్తికి ఏం చదవాలని విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. గణాంక శాస్త్రం, జనంలో వ్యాధుల వ్యాప్తిని, కారణాలను అధ్యయనం చేసే ఎపిడెమియాలజీ మూల సూత్రాలు, జీఐఎస్ తప్పనిసరి. వాటితో సమానంగా ప్రణాళికా చట్టం, లేఅవుట్ అనుమతుల ప్రక్రియ, టెండరు కాగితం చదవడం కూడా నేర్చుకోండి. ఈ చివరిదాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, పనులు ఎప్పుడు మొదలవుతాయో తెలిసేది అందులోనే. తవ్వకాలు మొదలయ్యాక వచ్చే పరిశోధకుడికి ‘తరువాత’ మాత్రమే దొరుకుతుంది, ‘ముందు’ దొరకదు. పరిశోధన నిధులు రెండు మూడేళ్ల కాలానికే వస్తాయి. చెట్లు నీడనివ్వడానికి పదేళ్లు పడుతుంది. ఎన్నికైన పాలకమండలి పదవీకాలం ఈ రెండింటికీ సరిపోలదు. నిధులు రాకముందే పరిస్థితిని నమోదు చేసి ఉంచుకునే అలవాటున్నవారే ఈ రంగంలో నిలదొక్కుకోవడం నేను చూశాను.

సగటుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 1995 జులైలో చికాగోను తాకిన వడగాడ్పులకు 739 మంది చనిపోయినట్టు లెక్కగట్టారు. ఆ వేడి నగరమంతటికీ ఒక్కటే. కానీ మరణాలు నగరమంతటా సమానంగా లేవు. ఒంటరిగా బతికే వృద్ధుల్లో, పేదల్లో, దుకాణాలు మూతపడి వీధులు ఖాళీ అయిన ప్రాంతాల్లో ఎక్కువ మంది చనిపోయారు. నగర సగటు ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ తగ్గించే పథకానికీ, బయటికి రావడానికి మనుషులు భయపడని వీధికీ మధ్య ఎంచుకోవలసి వస్తే, మనం ఎంచుకునే సూచికే ఎవరిని లెక్కలోకి తీసుకున్నామో చెబుతుంది. బాగుచేసిన ప్రాంతాల్లో అద్దెలు పెరిగి, ఎవరి కోసం బాగుచేశామో వారే అక్కడి నుంచి వెళ్లిపోతే, మన ‘తరువాత’ సర్వేలో కనిపించే ఆరోగ్యం కొత్తగా వచ్చినవారిది. అందుకే సర్వే చిరునామాను కాకుండా మనిషిని వెంబడించాలి. ఖర్చు ఎక్కువైనా సరే.

చివరగా, ఈ వృత్తిలో ఇంకా తగినంత మంది చేపట్టని ఒక పనిని మీ ముందుంచుతాను. పెర్త్ అధ్యయనం నడిచిన పశ్చిమ ఆస్ట్రేలియాలో నడకకు అనువైన లేఅవుట్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం 1998లోనే మార్గదర్శకాలు తెచ్చింది. అనుసంధానమైన వీధులు, నడక దూరంలో దుకాణాలు, కాలిబాటలు అన్నీ అందులో ఉన్నాయి. అయితే కట్టిన లేఅవుట్లను తీసుకుని, ఒక్కో నిబంధన నేల మీద అమలైందో లేదో పరిశీలిస్తే, సగటున సగం కంటే తక్కువే అమలైనట్టు తేలింది. అమలు 10 శాతం పెరిగిన కొద్దీ అక్కడివారు తమ ప్రాంతంలో పనుల కోసం నడిచే అవకాశం 53 శాతం పెరిగినట్టు కూడా కనిపించింది. విధానం పేరు చూసి ప్రాంతాలను పోల్చినప్పుడు బలహీనంగా కనిపించిన సంబంధం, అమలును కొలిచినప్పుడు స్పష్టమైంది. నగరాల దగ్గర మంచి విధాన పత్రాలకు కొరత లేదు. వాటిలో ఏ నిబంధన ఏ దశలో జారిపోతోంది, లేఅవుట్ నకశాలో ఉన్న కాలిబాట నిర్మాణంలో ఎందుకు మాయమైంది, దుకాణాలకు కేటాయించిన స్థలం ఇళ్లు నిండిన ఎన్నేళ్లకు తెరుచుకుంది అన్న విషయాలను వరుసగా నమోదు చేసేవారు కావాలి. ఒక విద్యార్థి పీహెచ్‌డీకి సరిపోయే పని అది. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, ఆమోదం పొందిన నకశా, టేపు, ఓపిక ఉంటే మొదలుపెట్టవచ్చు. ఇక మీ ప్రశ్నలు తీసుకుంటాను.